పన్నెండు నిమిషాల ఇంటర్వెల్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. హాస్టల్లో అందరూ ఒకే దుప్పట్లో దూరి భయం కథలు చెప్పుకుంటుంటే, లేచి వెళ్ళి లైటు వేసి తిట్లు తిన్న రకం నేను. ఇప్పటికీ ఎవరైనా "మాకు ఇలా జరిగింది" అని మొదలుపెడితే, ఆ టైమ్‌కి కరెంటు సరిగ్గా ఉందా అని అడుగుతాను. అందుకే నన్ను ఎవరూ అలాంటి కబుర్లకి పిలవరు.

నా ఉద్యోగం కూడా ఈ బుద్ధికి తగినదే. అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్ళో, ఒక చిప్ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా టెస్ట్ ఇంజనీర్‌ని. పాడైన చిప్పు ఎందుకు పాడైందో కనిపెట్టాలి. ఎంత వెతికినా కారణం దొరక్కపోతే రిపోర్ట్‌లో 'నో ఫాల్ట్ ఫౌండ్' అని రాస్తాం. అది రాయాల్సి వచ్చిన రోజు నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడనని మా ఆయన రవి అంటాడు. నిజమే.

ఇక్కడ రాసేవన్నీ నేను కళ్ళారా చూసినవే. విన్నవి కావు.

మా అత్తయ్య కిందటేడు వర్షాకాలంలో చనిపోయారు. నవంబర్‌లో మామయ్యని మా దగ్గరికి తీసుకొచ్చాం. ఆయన గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్లో, ముప్పై రెండేళ్ళు సినిమా హాలు ఆపరేటర్. పైన కేబిన్‌లో ప్రొజెక్టర్ దగ్గర ఆయన, కింద క్యాంటీన్‌లో అత్తయ్య. ఇంటర్వెల్‌కి రెండు నిమిషాల ముందు ఆయన కేబిన్‌లో స్విచ్ నొక్కితే క్యాంటీన్‌లో బెల్లు మోగేది. అత్తయ్య గ్లాసుల్లో టీ పోసేవారు. మొదటి గ్లాసు, కాగితంలో రెండు గారెలు తీసుకుని తనే మెట్లెక్కి ఆయనకి ఇచ్చి, పరుగున కిందికి దిగి జనాన్ని చూసుకునేవారు. రోజుకి నాలుగు ఆటలు. అంటే నాలుగు టీలు.

అలాంటి మనిషి మా ఇంటికొచ్చాక తినడం మానేశారు. మానేస్తానని చెప్పలేదు, అలక కూడా లేదు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి, "చాలమ్మా" అని లేచిపోయేవారు. ఆయనకి షుగర్. మధ్యాహ్నం మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి. అన్నం లేదు కాబట్టి మాత్రా లేదు. నాకు వారంలో మూడు నాలుగు రోజులు పన్నెండు గంటల షిఫ్ట్. డ్యూటీ నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే పొద్దున నేను పెట్టిన డబ్బా పెట్టినట్టే ఉండేది. నెల తిరిగేసరికి ఏడు పౌండ్ల బరువు తగ్గారు. డాక్టర్ గారు రవిని పక్కకి పిలిచి, ఇలాగే ఉంటే హాస్పిటల్లో చేర్చాల్సి వస్తుందన్నారు. ఆ రోజు ఇంటికొస్తూ కార్‌లో రవి ఏడ్చాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో అతను ఏడవగా చూడటం అది రెండోసారి.

నవంబర్ చివర్లో థాంక్స్ గివింగ్ పండగ సేల్‌లో రవి ఒక స్ట్రీమింగ్ బాక్స్ కొన్నాడు. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. టీవీకి తగిలిస్తే సినిమాలన్నీ అందులోనే. నాన్నకి కాలక్షేపమని పాత తెలుగు సినిమాలు ఓ ఇరవై కొని పెట్టాడు కూడా. మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో రీళ్ళెక్కడున్నాయని వేళాకోళంగా అడిగి, పక్కన పెట్టేశారు. సినిమా పెట్టనా అని నేనెప్పుడు అడిగినా ఒకటే జవాబు.

"నేను సినిమాలు ఆడించినవాణ్ణమ్మా. చూసినవాణ్ణి కాదు."

అది గొప్పకి అన్నమాట కాదు. ఆపరేటర్‌కి తెర మీద కథ చూసే తీరిక ఉండదట. బొమ్మ మసకబారిందా, రీలు మార్చే గుర్తు పడిందా అనే చూస్తాడట. అత్తయ్య కూడా తలుపు సందులోంచి ముక్కలు ముక్కలుగా చూడటమే. సినిమా హాల్లో బతికిన ఇద్దరు మనుషులు, పక్కపక్కన కూర్చుని ఒక్క సినిమా కూడా చూడలేదు. ఇది విన్నప్పుడు నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు.

డిసెంబర్ మొదట్లో ఒక మంగళవారం. నాకు సెలవు. ఉతికిన బట్టలు మడతపెడుతూ, ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉంటుందని నేనే ఒక నలుపు తెలుపు సినిమా పెట్టాను. కాసేపటికి మామయ్య వచ్చి సోఫా వెనకాల నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయనకి నిలబడి చూడటమే అలవాటు.

మధ్యాహ్నం రెండు దాటింది. తెర మీద 'విశ్రాంతి' అన్న అక్షరాలు పడ్డాయి. బాక్స్‌లో ఆడే సినిమాల్లో ఆ అక్షరాలు రెండు సెకన్లుండి వెళ్ళిపోతాయి, సినిమా ఆగదు. ఇది ఆగింది. అక్షరాలు అలాగే నిలబడ్డాయి.

రిమోట్ బట్టల కింద నలిగిందనుకున్నాను. వెతుకుతుంటే వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"టీ ఉందా అమ్మా?"

వచ్చిన నెల రోజుల్లో ఆయన నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు. నేను బట్టలన్నీ కింద పడేసి వంటింట్లోకి పరిగెత్తాను. టీతో పాటు పొద్దుటి ఇడ్లీలు రెండు వేడి చేసి పెట్టాను. నిలబడే తిన్నారు. మాత్ర ఇస్తే వేసుకున్నారు. ఖాళీ ప్లేటు నా చేతికి ఇచ్చేసరికి సినిమా తనంతట తను మొదలైంది. రిమోట్ అప్పటికి దొరికింది, లాండ్రీ బుట్టలో ఉంది. నాకూ దానికీ మధ్య ఆరడుగులు.

గురువారం ఇంకో సినిమా పెట్టాను. విశ్రాంతి దగ్గర ఆగింది, మొదలైంది. శనివారం రవి ఉండగా మళ్ళీ అంతే. రవి నెట్ స్లోగా ఉందన్నాడు. ఈ దేశంలో తెలుగువాళ్ళం దేనికైనా ముందు చెప్పే కారణం అదే కాబట్టి నేను పట్టించుకోలేదు. ఒక నోట్‌బుక్ తీసి గళ్ళు గీశాను. తేదీ, సినిమా, ఆగిన చోటు, ఎంతసేపు ఆగింది, కారణం. నెలలో తొమ్మిది సినిమాలు రాశాను. తొమ్మిదీ విశ్రాంతి దగ్గరే ఆగాయి. పదకొండు నిమిషాలు, పన్నెండు, పన్నెండు, పదకొండున్నర. పది కంటే తక్కువ లేదు, పదమూడు దాటలేదు.

చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. రిమోట్‌లో బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నాను. నా ఫోన్‌లో, రవి ఫోన్‌లో బాక్స్‌ని నడిపే యాప్ తీసేశాను. టీవీలో టైమర్లన్నీ ఆఫ్ చేశాను. వైఫై బదులు వైరు పెట్టాను. ఇంకొకటి కూడా గమనించాను. ఆ బాక్స్‌లో సినిమాని పాజ్ చేసి ఐదు నిమిషాలు వదిలేస్తే తెర మీద స్క్రీన్ సేవర్‌లా కొండల, జలపాతాల బొమ్మలు తిరుగుతుంటాయి. ఇది పన్నెండు నిమిషాలు ఆగినా ఒక్క కొండ రాలేదు.

మామయ్య మాత్రం ఏమీ అడగలేదు. ఆగిందా, టీ తాగాలి. అంతే. మూడో వారానికి ఇడ్లీలు నాలుగయ్యాయి. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో ఆయనే సినిమా పెట్టుకోవడం, ఫ్రిజ్‌లో డబ్బా ఖాళీ కావడం మొదలైంది. షుగర్ దారికొచ్చింది. మా పాప మేఘ, తొమ్మిదేళ్ళది, స్కూల్ నుంచి రాగానే "తాతా, టుడే ఎన్ని మినిట్స్?" అని అడిగేది. ఆయన వేళ్ళతో చూపించేవారు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. బుద్ధున్న కోడలైతే దండం పెట్టుకుని ఊరుకునేది. నాకు నోట్‌బుక్‌లో 'కారణం' అన్న గడి ఖాళీగా ఉండటం గిట్టలేదు. బాక్స్ కంపెనీకి ఫోన్ చేసి, ఇది తనంతట తను ఆగుతోందని కంప్లైంట్ ఇచ్చాను. వాళ్ళు ఒక్క ప్రశ్న అడక్కుండా కొత్తది పంపి పాతది తీసుకున్నారు. కొత్తది పెట్టి, అదే సినిమా పెట్టి చూశాను. విశ్రాంతి పడింది, రెండు సెకన్లుండి వెళ్ళిపోయింది. ఫాల్ట్ పాత బాక్స్‌లోనే ఉందన్నమాట. నోట్‌బుక్‌లో అలాగే రాసి, ఆఫీస్‌లో రాసినట్టు కింద గీత కూడా గీశాను.

మామయ్య సోఫా వెనక నిలబడి ఉన్నారు. సినిమా అయ్యేదాకా అలాగే నిలబడి, తన గదిలోకి వెళ్ళిపోయారు. టీ అడగలేదు. నేను తీసుకెళ్ళి ఇస్తే చల్లారిపోయేదాకా బల్ల మీదే ఉంది. వారం తిరక్కుండా ఫ్రిజ్‌లో డబ్బాలు మళ్ళీ పెట్టినవి పెట్టినట్టే కనిపించాయి. పదో రోజు పొద్దున బాత్రూమ్‌లో కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నారు. పాత బాక్స్ తిరిగి ఇవ్వమని కంపెనీకి ఫోన్ చేశాను. అలా కుదరదన్నారు. ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళి, కార్‌లో కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. ఇంట్లోకి నడిచి వచ్చిన మంచిని, పనిలేక విప్పి చూసి పాడుచేశానని.

మర్నాడు మోసం చేశాను. యాప్ మళ్ళీ ఫోన్‌లో పెట్టుకుని, మామయ్య చేత సినిమా పెట్టించి, వంటింట్లో నిలబడి విశ్రాంతి పడగానే పాజ్ నొక్కాను. టీ, వేడి గారెలు పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఆయన తెర వంక చూశారు, నా వంక చూశారు. టీ తీసుకున్నారు.

"నువ్వే ఆపావు కదమ్మా."

అబద్ధం చెప్పబోయాను. ఆయన తెర మూలకి వేలు చూపించారు. మనం ఆపితే అక్కడ రెండు తెల్ల గీతలు పడతాయి. అది తనంతట తను ఆగినప్పుడు గీతలు పడేవి కావట, బొమ్మ శుభ్రంగా ఉండేదట. ముప్పై రెండేళ్ళు తెర మీద మచ్చలు వెతికిన మనిషి మొదటి రోజే చూశారు. పద్నాలుగేళ్ళ టెస్ట్ ఇంజనీర్‌ని, నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకున్నదాన్ని, నాకు కనపడలేదు. గీతల సంగతి చెప్పేసి, నేను బాధపడకూడదని ఒక గారె తిన్నారు. రెండోది కాగితంలో చుట్టి నాకే ఇచ్చారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఫోన్‌లో యాప్ తీసేశాను.

తర్వాతి శనివారం మధ్యాహ్నం. మేఘ పట్టుబట్టి ఒక ఇంగ్లీషు సినిమా పెట్టింది. మంచు కొండల్లో తప్పిపోయిన ఒక పిల్లాడు, వాడి వెంట పడే తోడేళ్ళు. నలుగురం హాల్లోనే ఉన్నాం. మామయ్యని మేఘ చెయ్యి పట్టి లాగి సోఫాలో కూర్చోబెట్టింది. రిమోట్ మా అందరి కళ్ళముందు కాఫీ టేబుల్ మీద ఉంది. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు, మేఘ పెట్టిన రూల్ అది.

గంట గడిచింది. పిల్లాడు గడ్డకట్టిన ఏటి మీద పరిగెడుతున్నాడు, కాళ్ళ కింద మంచు పగులుతోంది, వెనక తోడేళ్ళు. మామయ్య మెల్లిగా, ఎవరితోనూ కాదన్నట్టు, "నేనైతే ఇక్కడ ఆపుతాను" అన్నారు.

ఇంగ్లీషు సినిమాలకి ఇంటర్వెల్ ఉండదని అప్పుడు గుర్తొచ్చింది. మన హాళ్ళలో ఆపరేటరే ఏదో ఒక చోట ఆపుతాడు. ఈ సినిమా అక్కడ ఆగలేదు. పిల్లాడు ఒడ్డుకి చేరాడు, తోడేళ్ళు వెనకబడ్డాయి. ఇంకో ఆరేడు నిమిషాలు నడిచింది. చెట్ల మధ్య ఒక గుడిసె. అందులో ముసలావిడ వాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, గిన్నెలో సూప్ పోసి ముందు పెట్టింది. వాడు చెంచా ఎత్తి, ఊదుకుని, నోట్లో పెట్టుకున్నాడు.

బొమ్మ ఆగిపోయింది.

నేను ముందు తెర మూలకి చూశాను. గీతలు లేవు. రిమోట్ టేబుల్ మీద ఉన్నచోటే ఉంది. మేఘ రెండు చేతులూ పైకెత్తి, "నేను టచ్ చెయ్యలేదు తాతా, ఐ స్వేర్" అంది. రవి లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

మామయ్య నవ్వుతున్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉన్నారు. ఆయన నవ్వడం నేను అత్తయ్య ఉన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇదే.

"ఇది నేనాపే చోటు కాదమ్మా," అన్నారు. "ఇది మీ అత్తయ్య ఆపమనే చోటు."

అప్పుడు చెప్పారు. ఇంగ్లీషు సినిమా వచ్చిన శుక్రవారం, ఎక్కడ ఆపాలని వాళ్ళిద్దరికీ గొడవట. ఆయన ఉత్కంఠగా ఉన్న చోట ఆపేవారు, జనం తొందరగా లోపలికి వస్తారని. ఆవిడ వద్దనేవారట. ఆపదలో ఉన్నవాణ్ణి అలా వదిలేసి వస్తే ఎవరికీ టీ సహించదు, వాడికి ఎవరైనా ఇంత పెట్టి, వాడు ఓ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగండి, అప్పుడు బయట జనానికీ ఆకలి గుర్తొస్తుంది అని. అందులో సగం జాలి, సగం క్యాంటీన్ వ్యాపారమని మామయ్య వేళాకోళం. "కేబిన్ నాది, నా ఇష్టం అనేవాణ్ణి. ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ చెప్పిన చోట ఆపలేదు," అన్నారు.

ఈ సంగతి ఆయన అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. నాకు తెలియదు, రవికి కూడా తెలియదు. ఆ తర్వాత రవిని ఒకటికి రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగాను.

నేను లేచి అన్నం వడ్డించాను. పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు. సోఫాలోనే కూర్చుని కంచం ఒళ్ళో పెట్టుకుని మొత్తం తిన్నారు. మారు వడ్డించమన్నారు. ఈ కొత్త బాక్స్ ఇన్నాళ్ళూ ఎందుకు ఆగలేదో మరి అని రవి నోట్లో మాట నోట్లో ఉండగానే, "కొత్త కేబిన్ కదరా, మెట్లు వెతుక్కోవద్దూ" అన్నారు. మాత్ర వేసుకుని నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. సినిమా మొదలైంది. పిల్లాడు రెండో చెంచా ఎత్తాడు. గోడ మీద గడియారం చూశాను. పన్నెండు నిమిషాలు.

ఏప్రిల్‌లో ఇండియాకి తిరిగి వెళ్ళేదాకా ఆయన రోజూ మధ్యాహ్నం ఒక సినిమా చూశారు. ఇంటర్వెల్ ఒక్కరోజు తప్పలేదు. తగ్గిన ఏడు పౌండ్లూ తిరిగొచ్చాయి, ఇంకో రెండు కలిశాయి. నేను నోట్‌బుక్ తీయలేదు. రాసిన దాని కింద గీసిన గీత మాత్రం కొట్టేశాను.

ఇప్పుడు ఆయన రాజమండ్రిలో మా ఆడపడుచు దగ్గర ఉంటున్నారు. అక్కడా టీవీకి ఇలాంటి బాక్సే ఉంది. మొన్న వీడియో కాల్‌లో, అక్కడ ఆగుతోందా మామయ్యా అని అడిగాను. లేదన్నారు. మరి తింటున్నారా అని అడిగాను.

"తింటున్నానమ్మా. ఇప్పుడు నేనే ఆపుతున్నాను," అన్నారు. "తెర మీద ఎవరో ఒకరు ముద్ద ఎత్తేదాకా ఆగి."

మా ఇంట్లో ఆ బాక్స్ ఆయన వెళ్ళినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. సాఫ్ట్‌వేర్, కరెంటు, నెట్, మా అందరి చేతులు, అన్నీ తిరగేసి చూసుకున్నాను. రెండు వేర్వేరు బాక్సులు, ఒకే తప్పు. ఇంతవరకూ నాకు అర్థం కాలేదు, అర్థమైందని అబద్ధం చెప్పలేను. దయ్యాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు.

కాకపోతే సెలవు రోజుల్లో మధ్యాహ్నం నేనూ ఒక సినిమా పెట్టుకుంటున్నాను. తెర మీద ఎవరైనా తిండి ముందు కూర్చోగానే రిమోట్ దూరంగా పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తాను. పొయ్యి మీద టీ సిద్ధంగానే ఉంటుంది.